పద్దెనిమిది నిండబోతున్న మా అమ్మాయి: పిల్లల సైకియాట్రీ నుంచి పెద్దల వైపు మారడం ఎలా?

ప్రశ్న (అమ్మ)

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 17 ఏళ్ల 4 నెలలు. ఆరో ఏట టైప్ 1 షుగర్ వచ్చింది. పదకొండో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. రెండేళ్ల నుంచి డిప్రెషన్. ఇన్నాళ్లూ అన్నిటికీ ఒకే పిల్లల ఆసుపత్రి. అక్కడి నర్సుకి మా పిల్ల నడక చూస్తేనే షుగర్ పడిపోతోందని తెలిసిపోతుంది. పోయిన నెల అక్కడి సైకియాట్రిస్టు "పద్దెనిమిది నిండాక మేం చూడటం కుదరదు, పెద్దల విభాగానికి వెళ్లండి" అని ఒక పేజీ లెటర్ చేతిలో పెట్టారు. అందులో డిప్రెషన్ గురించి నాలుగు లైన్లు ఉన్నాయి. షుగర్ మాటే లేదు.

పెద్దల క్లినిక్‌కి ఫోన్ చేస్తే "ఫిట్స్ ఉన్నాయి కదా, ముందు న్యూరాలజిస్టు దగ్గర రాయించుకు రండి" అన్నారు. న్యూరాలజిస్టేమో "మనసు సంగతి మాది కాదు" అన్నారు. మధ్యలో మేం నలిగిపోతున్నాం.

ఇప్పుడు వాడుతున్నవి ఇన్సులిన్, ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్, డిప్రెషన్‌కి సెర్ట్రలిన్. ఈ మధ్య గదిలోంచి బయటికి రావడం లేదు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష (HbA1c) 7.8 శాతం నుంచి 10.6 శాతానికి వెళ్లింది. బరువు తగ్గింది. అడిగితే "పరీక్షల టెన్షన్" అంటుంది. ఇంత కథ కొత్త డాక్టరుకి పది నిమిషాల్లో ఎలా చెప్పాలి? పైగా అక్కడ పిల్లని ఒక్కదాన్నే లోపలికి పంపమంటారట. ఒప్పుకోవాలా?

జవాబు (యువత సైకియాట్రీలో పనిచేసే డాక్టరు)

అమ్మా, మారడం గురించి తర్వాత మాట్లాడుకుందాం. మీరు చివర్లో రాసిన రెండు విషయాలు నన్ను ఆపేశాయి. టైప్ 1 షుగర్ ఉన్న అమ్మాయిలో సగటు షుగర్ పెరుగుతూ బరువు తగ్గుతోందంటే, ఇన్సులిన్ సరిగా పడటం లేదేమోనని ముందు అనుమానించాలి. డిప్రెషన్ వల్ల ఓపిక లేక మానేయవచ్చు. బరువు తగ్గడం కోసం కావాలనే డోసులు వదిలేయవచ్చు కూడా. ఈ వయసు ఆడపిల్లల్లో ఇది అరుదు కాదు. వాల్‌ప్రోయేట్ బరువు పెంచే మందు కాబట్టి ఆ బాధ ఇంకా ఎక్కువగా ఉండి ఉండొచ్చు.

ఈరోజే అడగండి. "ఎందుకు మానేశావు" అని మొదలుపెట్టొద్దు. "రోజూ ఇన్ని సూదులంటే ఎవరికైనా విసుగు పుడుతుంది, ఈ మధ్య ఎన్ని వదిలేశావమ్మా" అని అడిగి చూడండి. వాంతులు, కడుపు నొప్పి, ఆయాసంగా లోతైన ఊపిరి, మగత, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఉండొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడల్లా కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూడండి.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని. సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. అలా పుట్టదు. పైగా చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఇన్సులిన్ ప్రాణం నిలిపే మందు, ఎక్కువైతే ప్రాణం తీసేది కూడా అదే. అందుకని రోజుకి కావలసిన పెన్ను తన దగ్గర ఉండనివ్వండి, మిగిలిన స్టాకు, ఫిట్స్ బిళ్లలు మీ దగ్గర పెట్టుకోండి. ఇన్సులిన్ మొత్తం లాగేసుకోవద్దు, అది వేరే ప్రమాదం. అవునని చెబితే ఒంటరిగా వదలకండి, అదేరోజు డాక్టరుకి చూపించండి.

చివరగా వాల్‌ప్రోయేట్. గర్భం సమయంలో ఈ మందు వాడితే ప్రతి 100 మంది బిడ్డల్లో దాదాపు 10 మందికి పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదల, నేర్చుకోవడంలో ఇబ్బందులు వస్తాయి. ఫిట్స్ మొదలైనప్పుడు మీ అమ్మాయికి పదకొండేళ్లు. ఇప్పుడు పదిహేడు. ఈ మధ్యలో ఎవరైనా తనతో ఈ మాట చెప్పారా? కొన్నిరకాల ఫిట్స్‌కి ఇదే బాగా పనిచేస్తుంది, అందుకని మార్చాలా వద్దా అన్నది న్యూరాలజిస్టు, మీ అమ్మాయి కలిసి తేల్చుకోవాలి. మీ అంతట మీరు మాత్రం ఒక్క బిళ్ల కూడా ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు.

జవాబు (ట్రాన్సిషన్ నర్సు, అంటే పిల్లల వైద్యం నుంచి పెద్దల వైద్యానికి మారడంలో సాయపడే నర్సు)

డాక్టరుగారు చెప్పింది ముందు చూడండి. అది అయ్యాక ఇది చదవండి.

మీకు జరిగింది మీ ఒక్కరికే జరగలేదండి. బ్రిటన్‌లో 2010లో వచ్చిన ట్రాక్ అనే అధ్యయనం, పిల్లల మానసిక వైద్య సేవల నుంచి పెద్దల సేవలకి మారాల్సిన యువతని గమనించింది. అన్నీ సవ్యంగా జరిగి మారినవాళ్లు 5 శాతం కూడా లేరు. సవ్యంగా అంటే వాళ్లు చూసినవి పెద్ద పెద్ద విషయాలేం కావు. వివరాలు పూర్తిగా చేరాయా, మారేముందు అందరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకున్నారా, కొంతకాలం రెండు వైపులా కలిసి చూశారా, ఆ తర్వాత వైద్యం ఆగకుండా సాగిందా. మీకు ఇచ్చిన ఒక పేజీ లెటర్‌లో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

నేను ప్రతి కుటుంబానికీ చెప్పేది ఒకటే. కొత్త డాక్టరు కనీసం రెండుసార్లు చూసేదాకా పాత చోట ఫైలు మూయనివ్వకండి. "పద్దెనిమిది నిండాక చూడం" అన్నారు కదా, ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయి. "ఈ ఎనిమిది నెలల్లో మీరూ, కొత్త డాక్టరూ కలిసి చూడటానికి కుదురుతుందా" అని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు. అసలు ఈ ఏర్పాటు 13, 14 ఏళ్లకే మొదలవ్వాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ (NICE) సంస్థ 2016లో చెప్పింది. మీకు ఆలస్యమైంది, ఆ తప్పు మీది కాదు.

న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారంటే ఒక మనిషి లోటు ఉందన్నమాట. పిల్లల ఆసుపత్రిలో అన్నీ కలిపి చూసేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. మీ విషయంలో ఆ నర్సే అనుకుంటా. పెద్దల వైపు అలాంటి మనిషి దానంతట అదే దొరకదు, అడిగి పెట్టించుకోవాలి. మీ ఫ్యామిలీ డాక్టరు కావచ్చు, షుగర్ క్లినిక్ నర్సు కావచ్చు. "మా అమ్మాయి విషయంలో అందరికీ ఫోన్ చేసేది ఎవరు" అని అడిగి, ఆ పేరు, నంబరు ఫైలు అట్ట మీద రాసుకోండి.

పది నిమిషాల సంగతి. పాత ఫైలు మొత్తం మోసుకెళ్తే ఎవరూ తెరవరు. ఒక్క కాగితం చేయండి. పైన జబ్బులు, ఏ ఏట మొదలయ్యాయో. కింద ఇప్పటి మందులు, డోసులు. దాని పక్కనే, గతంలో ఇచ్చి ఆపేసిన మందులు, ఎందుకు ఆపారో. అందరూ వదిలేసేది ఈ చివరిదే, కొత్త డాక్టరుకి అన్నిటికన్నా పనికొచ్చేదీ అదే. ఫిట్స్‌కి ఇదివరకు లెవెటిరాసెటమ్ లాంటిది ఇచ్చి, దాంతో కోపం, చిరాకు పెరిగి ఆపేసి ఉంటే ఆ ముక్క తప్పకుండా రాయాలి. లేకపోతే మళ్లీ అదే రాస్తారు. అలాగే డిప్రెషన్ మందుల్లో బుప్రోపియాన్ ఫిట్స్ ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. ఫిట్స్ సంగతి పైనే పెద్దక్షరాల్లో ఉంటే ఆ పొరపాటు జరగదు.

జవాబు (ఒక నాన్న)

మా అబ్బాయికి 21. పుట్టుకతో గుండె లోపం, 22క్యూ11 డిలీషన్ అనే జన్యు సమస్య. ఈ సమస్య ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, లేనిపోని గట్టి నమ్మకాలు) లాంటిది వస్తుందని మాకు ముందే చెప్పారు. అయినా వచ్చినప్పుడు ఎవరూ గుర్తుపట్టలేదండి. మాటలు తగ్గిపోయాయి, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. గుండె డాక్టరు "పెద్ద ఆపరేషన్ అయింది, అలసట" అన్నారు. మరొకరు "ఈ పిల్లలు ఇంతే" అన్నారు. ఏ లక్షణం వచ్చినా పాత జబ్బు ఖాతాలో రాసేశారు. ఐదు నెలలు అలా పోయాయి.

అందుకని నేను చెప్పేది, ఆ కాగితంలో ఒక పేరా "బాగున్నప్పుడు మా పిల్ల ఎలా ఉంటుంది" అని రాయండి. ఎన్ని గంటలు పడుకుంటుంది, ఎవరితో మాట్లాడుతుంది, దేనికి నవ్వుతుంది. కొత్త డాక్టరు బాగోలేనప్పుడే మొదటిసారి చూస్తారు. ఇదే వాళ్ల స్వభావం అనుకుంటారు. మేం మావాడు తమ్ముడితో క్యారమ్స్ ఆడుతున్న రెండు నిమిషాల వీడియో చూపించాం. డాక్టరుగారు దాన్ని రెండోసారి పెట్టించుకుని చూశారు. అప్పటిదాకా రాసింది కొట్టేసి మళ్లీ మొదటినుంచి అడిగారు.

మావాడికి అన్ని విషయాలూ సొంతంగా తేల్చుకోవడం కష్టం. మీ అమ్మాయి సంగతి వేరు. కానీ ఎవరికైనా ఆ ఇబ్బంది ఉంటే, పద్దెనిమిది నిండకముందే మీరుండే చోట చట్టం ఏం చెబుతుందో కనుక్కోండి. నిండిన మర్నాడు సంతకం ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది.

జవాబు (23 ఏళ్ల అమ్మాయి)

ఆంటీ, నాకు 14 ఏళ్లప్పుడు కిడ్నీ మార్చారు. డిప్రెషన్, యాంగ్జయిటీ ఉన్నాయి. పిల్లని ఒక్కదాన్నే లోపలికి పంపాలా అని అడిగారు కదా. పంపండి. కానీ మొదటిసారే తలుపు వేసేయొద్దు.

నన్ను పద్దెనిమిది నిండిన వారానికే ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఏ మందులు వాడుతున్నావని అడిగితే నోరు పెగల్లేదు. అన్నేళ్లూ అమ్మే చెప్పేది. ఇంటికొచ్చి ఏడ్చాను, తర్వాత ఎనిమిది నెలలు ఏ సైకియాట్రిస్టు దగ్గరికీ వెళ్లలేదు. ఆ రోజుల్లోనే కిడ్నీ మందులు కూడా వదిలేయడం మొదలైంది. రెండూ ఒకటే బాధ, విడిగా ఉండవు. అదృష్టం, కిడ్నీ నిలిచింది.

ఇప్పుడున్న పాత ఆసుపత్రిలోనే ప్రాక్టీసు చేయించండి. ఈసారి వెళ్లినప్పుడు మొదటి పది నిమిషాలు మీరు ఉండండి, తర్వాత బయటికొచ్చేయండి. మందుల పేర్లు తననే చెప్పనివ్వండి, తప్పు చెప్పినా మధ్యలో అందుకోకండి. నేను చెప్పింది మా ఇంట్లో తెలుస్తుందా అని డాక్టరుని ముందే అడగమనండి. ప్రాణానికి ప్రమాదం లేనంతవరకు చెప్పం అని వాళ్ల నోటితో వింటే ధైర్యం వస్తుంది. తను చెప్పలేనివి ఉంటే రాసిమ్మనండి. నేను మొదటి నిజం రాసే ఇచ్చాను.

అమ్మ (నాలుగు రోజుల తర్వాత)

అందరికీ దండాలు. అడిగాను. అడగడానికి ముందే ఒకటి చూశాను. తన ఇన్సులిన్ పెన్నులో ఒక కార్ట్రిడ్జ్‌కి 300 యూనిట్లు. తనకి రోజుకి 40 దాకా పడాలి. అంటే వారం రోజులు. నేను పెట్టిన తేదీ స్టిక్కర్ చూస్తే ఆ కార్ట్రిడ్జ్ వేసి పంతొమ్మిది రోజులైంది, ఇంకా సగం ఉంది. చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

తిట్టలేదు. డాక్టరుగారు చెప్పినట్టే అడిగాను. "వేసుకుంటే లావైపోతున్నానమ్మా" అంది. చచ్చిపోవాలని ఉందా అంటే "ప్లాన్ ఏం లేదు, పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది" అంది. ఆ రాత్రే తీసుకెళ్లాం. కీటోన్లు ఉన్నాయి, రెండు రోజులు ఉంచుకున్నారు. ఇప్పుడు ఇంట్లో ఉంది. పాత సైకియాట్రిస్టుగారు ఫోన్ చేసి, షుగర్ డాక్టరు, పెద్దల సైకియాట్రిస్టుతో కలిపి మాట్లాడదామన్నారు, వచ్చే నెల 6న. నర్సుగారు చెప్పినట్టు రాసి అడిగాను. న్యూరాలజిస్టు కూడా వాల్‌ప్రోయేట్ గురించి తనతోనే మాట్లాడతానన్నారు.

కాగితం తనే రాస్తోంది. "బాగున్నప్పుడు నేను" అన్న చోట ఆగిపోయి "నువ్వు చెప్పమ్మా, నాకు గుర్తు లేదు" అంది. ఇద్దరం కూర్చుని రాశాం.

ఒక సందేహం. ఈ మధ్యకాలంలో సెర్ట్రలిన్ అయిపోతే ఎవరు రాస్తారు?

డాక్టరు

మంచి పని చేశారమ్మా. "లేవకపోతే బాగుండు" అన్న మాట డిశ్చార్జి చేసినవాళ్లకి, పాత సైకియాట్రిస్టుకి ఇద్దరికీ తెలిసిందో లేదో ఒకసారి చూసుకోండి. మళ్లీ మళ్లీ అడుగుతూ ఉండండి, ఒక్కసారి జవాబుతో సరిపెట్టుకోవద్దు. ఇకమీదట ఇన్సులిన్ వేసుకునేటప్పుడు కొన్నాళ్లు పక్కన ఉండండి, కాపలాలా కాకుండా.

కొత్త డాక్టరు తన చేత్తో మొదటి చీటీ రాసేదాకా పాత డాక్టరుదే బాధ్యత. 6న జరిగే మీటింగులో ఈ మాట అందరి ముందు అడిగి రాయించుకోండి. సెర్ట్రలిన్ ఒక్కసారిగా ఆగితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి వస్తాయి, అది మళ్లీ డిప్రెషన్ అనుకునే ప్రమాదం ఉంది. కనీసం రెండు వారాల మందు ఎప్పుడూ చేతిలో ఉండాలి, పైన చెప్పినట్టు మీ దగ్గరే. డోసు మార్చితే మొదటి కొన్ని వారాలు ఇంకా జాగ్రత్తగా గమనించండి. 25 ఏళ్లలోపువాళ్లలో కొందరికి ఆ సమయంలో చావు ఆలోచనలు పెరగవచ్చు. షుగర్ కూడా తరచూ చూడండి, ఈ మందుతో కొందరికి తగ్గుతుంది, తగ్గితే ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది.

అమ్మ

రాసుకున్నానండి. 6న ఏం జరిగిందో ఇక్కడే చెబుతాను.