కాలువ దగ్గర ఇల్లు కొంటున్నాం, వరద భయం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (నెల్లూరు):
నమస్కారమండీ. టౌన్‌లో సర్వేపల్లి కాలువకు రెండు వీధుల అవతల ఒక ఇల్లు చూశాం. నాలుగు సెంట్లు, కట్టి పదేళ్లయింది, గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కే ఇల్లు మాకు కుదరదు. చుట్టుపక్కల కన్నా రేటు కాస్త తక్కువే చెప్తున్నారు, నా అనుమానమల్లా అక్కడే. ఓనర్‌ని అడిగితే "2021లో పెన్న అంత పొంగినప్పుడే మాకు చుక్క రాలేదు" అన్నారు. పెన్న మీద బ్యారేజీ కట్టాక ఇంక భయమే లేదని ఏజెంటు మాట. బ్యాంకు లాయరు కాగితాలన్నీ బాగున్నాయని రాసిచ్చాడు. మేం చూసింది ఎండాకాలంలో, కాలువలో నీళ్లు ఎక్కడో అడుగున ఉన్నాయి. నెలాఖరుకి అడ్వాన్స్ ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (కోవూరు):
తమ్ముడూ, డబ్బులు చేతిలో పెట్టకముందే అడిగావు, మంచి పని చేశావు. మాది కోవూరు. 2021 నవంబర్‌లో పెన్న మీద ఎగువనున్న సోమశిల రిజర్వాయరు నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. అందులో ఎక్కువ నీళ్లు ఎగువ నుంచి వచ్చినవే. కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ 19వ తేదీన తెగింది. మా వీధిలో వాన తగ్గుముఖం పట్టాక నీళ్లు పెరగడం మొదలైంది. అది మాకెవరికీ అంతుపట్టలేదు. ఇంటి దస్తావేజులు బీరువా అడుగు అరలో ఉండిపోయాయి. తర్వాత రెండు రోజులు వాటిని ఒక్కో కాగితం విడదీసి ఫ్యాన్ కింద ఆరబెట్టుకున్నాం. స్టాంపు ముద్రల సిరా పక్క కాగితాలకు అంటుకుపోయింది.

బ్యారేజీ సంగతి. నెల్లూరు, సంగం బ్యారేజీలు 2022 సెప్టెంబర్‌లో ప్రారంభమయ్యాయి. నీళ్లు నిలబెట్టి కాలువలకు మళ్లించడానికి కట్టినవి అవి. పెద్ద వరదొస్తే గేట్లెత్తి కిందికి వదలాల్సిందే, దాచుకోవడానికి అదేమీ సోమశిల కాదు. ఏజెంటు మాట పక్కన పెట్టు.

జవాబు (ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను, నెల్లూరు):
బాబూ, ముందు ఒకటి గమనించు. నువ్వు "నీళ్లొచ్చాయా" అని అడిగావు, ఓనర్ పెన్న గురించి చెప్పాడు. ఇంట్లోకి నీళ్లు మూడు దారుల్లో రావచ్చు. ఏరు పొంగి రావచ్చు, కాలువకు గండి పడి రావచ్చు, లేదంటే మన మీద కురిసిన వానే బయటికి పోలేక నిలబడిపోవచ్చు. టౌన్‌లో ఎక్కువమందిని ముంచేది మూడోదే. దేని గురించి అడుగుతున్నావో విడివిడిగా అడుగు.

ఇక కాలువ. పంట కాలువకీ మురుగు కాలువకీ పోలికే లేదు. పొలాలకు నీళ్లు పారాలి కాబట్టి పంట కాలువను మెరక పట్టుకుని తవ్వుతారు. మురుగు కాలువ పల్లంలో నడుస్తుంది. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ పుట్టుకతో పంట కాలువలే. ఇప్పుడు ఊళ్లో మురుగు కూడా వాటిలోనే కలుస్తోంది, అది వేరే బాధ. కాబట్టి కాలువ ఎంత దూరంలో ఉందన్నది తర్వాత, మీ ఇల్లు కాలువకు ఏ వైపు ఉందో ముందు తేల్చుకో. పల్లం వైపు ఉంటే గండి పడిన రోజు నీళ్లు నేరుగా మీ వీధిలోకే దిగుతాయి. కాలువ నిండుగా పారే నెలల్లో గట్టు కింద నుంచి ఊట దిగి సెప్టిక్ ట్యాంకు నిండుతుంది, గోడలు చెమ్మగిల్లుతాయి. మెరక వైపు ఉంటే గండి భయం తక్కువ కానీ పై నుంచి జారే వాన నీళ్లకు కాలువ గట్టే అడ్డం. అవి పోవాలంటే కాలువ కింద తూము ఉండాలి, అది పూడిపోకుండా ఉండాలి.

మట్టం చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు. మేస్త్రీల దగ్గర నీళ్లు పోసిన ట్యూబు ఉంటుంది, సగం రోజు కూలి ఇచ్చి పిలుచుకో. కాలువ మీద దగ్గర్లో ఉన్న వంతెన దిమ్మె చూడు. నిండు కాలువ ఎంత వరకు పారిందో రాతి మీద నల్లటి చార ఉంటుంది. ఆ చార మట్టాన్ని పట్టుకుని కరెంటు స్తంభం మీద గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి ఇంకో స్తంభానికి, అట్లా మార్చుకుంటూ మీ గడప దాకా తీసుకురండి. గడప ఆ చార కన్నా కిందుంటే నేనైతే ఆ ఇల్లు వద్దంటాను. మీ అమ్మగారిని రాత్రిపూట మంచంతో సహా ఎత్తుకుని బయటికి రావాల్సిన అవసరం రాకూడదు.

జవాబు (ఒంగోలు):
నాది ఆడవాళ్ల కంటికి ఆనే సంగతి. మేం పోతురాజు కాలువకు దగ్గర్లో అద్దెకున్నాం. గట్టి వాన పడితే వీధిలో నీళ్ల కన్నా ముందు బాత్‌రూమ్ జాలీలో నుంచి మురుగు ఎగదన్నేది. దిగువన కాలువ నిండుగా ఉంటే ఇంటి నీళ్లు ఎక్కడికి పోతాయి? ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నేలకు దగ్గరగా చూడండి. ద్వారబంధం అడుగున చెక్క ఉబ్బిందా, బీరువా వెనక గోడ పెచ్చులు లేచిందా, ప్రహరీకి కింది మూడడుగులే కొత్త రంగు వేశారా? పక్కిళ్లలో ఫ్రిజ్ కింద ఇటుకలు, గుమ్మం ముందు సిమెంటు కట్ట కనపడితే ఎందుకు పెట్టారో అడగండి. సొంత ఇల్లు ఉన్నవాళ్లు రేటు పడిపోతుందని చెప్పరు. అద్దెకుండేవాళ్లు, పాలవాడు, ఇస్త్రీ బండి ఆయన ఉన్నదున్నట్టు చెప్తారు.

ఇంకోటి, మెట్లు లెక్కపెట్టండి. మా పాత ఇంటికి కట్టినప్పుడు నాలుగు మెట్లట. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే మేం దిగేనాటికి ఒకటే మిగిలింది. ఇల్లు కదల్లేదు, వీధే పైకి లేచింది.

జవాబు (కావలి):
కాగితాల గురించి రెండు ముక్కలు. బ్యాంకు లాయరు చూసేది హక్కు ఎవరిదని, నీళ్లెక్కడికి పోతాయని కాదు. గ్రామ నక్ష, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (కొలతలతో ఉండే సర్వే పటం) తీసుకుని సర్వేయర్‌తో హద్దులు చూపించుకోండి. పాత రికార్డులో వాగు పోరంబోకు, కాలువ పోరంబోకు, చెరువు అని ఉన్నా, రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల 22ఎ జాబితాలో ఉన్నా ఇంక మాట్లాడకుండా వదిలేయండి. బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న కాలువ హద్దు నుంచి 9 మీటర్లు, చిన్న కాలువైతే 2 మీటర్లు వదలాలి. మీది రెండు వీధుల అవతల కాబట్టి అది ఇబ్బంది కాకపోవచ్చు, మధ్యలో పూడ్చేసిన పిల్ల కాలువ ఏదైనా ఉందేమో నక్షలో చూడండి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత సంవత్సరాల ఫొటోలు కూడా వస్తాయి. మన జిల్లాలకు గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, ఆ నెలల ఫొటో దొరికితే చూడండి.

కొన్నాక ఇన్సూరెన్స్ మర్చిపోకండి. భారత్ గృహ రక్ష అని 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే రకం పాలసీ ఇస్తున్నాయి, అందులో తుఫాను, వరద ఉంటాయి.

ప్రశ్న అడిగినాయన (పది రోజుల తర్వాత):
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఇంటికి మూడు గుమ్మాల అవతల అద్దెకుండే ఆమెను అడిగాను. ఓనర్ చెప్పింది అబద్ధం కాదు, 2021లో పెన్న నీళ్లు ఆ వీధిలోకి రాలేదట. కానీ 2023 డిసెంబర్ తుఫానుకి వాన నీళ్లు రెండు రోజులు కదల్లేదట. గ్యాస్ సిలిండర్ తేలుతుంటే తాడుతో కిటికీ ఊచకు కట్టామని చెప్పింది, ఆ తాడు ఇంకా అక్కడే ఉంది. మేస్త్రీతో ట్యూబు పట్టించాం. వంతెన చార కన్నా గడప జానెడు కిందుంది. ఇంటికి వచ్చి అమ్మకు చెప్తే, రేటు ఎందుకు తగ్గించారో ఇప్పుడు తెలిసిందా అంది. ఆ ఇల్లు వదిలేశాం. కాలువకు మెరక వైపు ఇంకొకటి ఉందన్నారు, ఆదివారం మేస్త్రీని తీసుకుని వెళ్తున్నా.

జవాబు (ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను, నెల్లూరు):
మంచిది బాబూ. మెరక వైపు అంటున్నావు కాబట్టి ఇంటికి వెళ్లేముందు కాలువ గట్టు వెంట నడిచి తూము ఎక్కడుందో చూసుకో. దాని నోట్లో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ ఇరుక్కుని ఉంటే ఫొటో తీసి నాకు పంపు.