అప్‌డేట్: ఓరుగల్లులో దయ్యాల ప్రేమకథ, శిథిలాల చిక్కు తీరింది

కోట కళకళలాడే రోజుల్లో నడిచే టీనేజ్ నవలలో పాడుబడ్డ భయం ఎట్లా పుట్టించాలి అని అడిగిన కదా. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు థ్యాంక్స్.

పనిచేసింది కాలాన్ని జరపమన్న సలహా. 1323లో ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ కోట పట్టుకున్నాక ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. కథ ఆ తర్వాతి ఏడాదికి మారింది. స్వయంభూ ఆలయం నేలమట్టం, చుట్టూ నాలుగు కీర్తి తోరణాలు మాత్రం నిలువునా ఉన్నై. ఇంతకన్నా భయానకమైన సెట్టింగ్ కల్పించాల్సిన పనిలేదు.

డ్రాఫ్ట్ చూసిన హన్మకొండ హిస్టరీ లెక్చరర్ పట్టుకున్న తప్పులు వేరు. కోటలోని ఖుష్ మహల్ కాకతీయుల తర్వాతి కట్టడం, కథ నడిచే ఏడాదికే అది ఉందని చెప్పలేం, కాబట్టి ప్రేమికులు అక్కడ కలవడం కుదరదు; ఆ సీన్ రాతి కోట గోడకు, బయటి మట్టి గోడకు మధ్యకు పోయింది. కొవ్వొత్తి బదులు ఆముదం దీపం. వంటింట్లో మిరపకాయ తీసేసి మిరియాలు పెట్టాలి, మిరప మన దేశానికి పోర్చుగీసు వాళ్లతోనే వచ్చింది. గంట కొట్టే గడియారం బదులు జాము, అంటే ఏడున్నర గడియలు, మూడు గంటలు.

అసలు మేలు చేసింది చంద్రుడి లెక్క. బహుళ అష్టమినాడు చంద్రుడు దాదాపు అర్ధరాత్రికి ఉదయిస్తాడు. రెండు జాములు కటిక చీకటి, దయ్యం కనపడే వేళకు వెన్నెల. పౌర్ణమి పెడితే ఈ మలుపు దొరకదు.

జవాబుల్లో నడిచిన సొరంగాల చర్చ అక్కరకు రాలేదు. హీరో కోట దర్వాజ నుంచే వస్తాడు.