నీళ్ళ రిపోర్టు క్లీన్, బురద రిపోర్టులో లెడ్ (సీసం)... ఏది నమ్మాలి?

మట్టిబుర్ర:
అందరికీ నమస్తే, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పీజీ ఫైనలియర్, ప్రాజెక్టు ఒక చెరువు మీద. ఊరి డ్రైనేజీ కాలువ ఒకటి ఇందులో కలుస్తుంది కాబట్టి లెడ్ ఉంటుందని ముందే అనుకున్నాం. తీరా నీళ్ళ శాంపిల్స్ ఏఏఎస్‌లో (మెటల్స్ కొలిచే మెషీన్, మాది ఫ్లేమ్ రకం) పెడితే అన్నీ డిటెక్షన్ లిమిట్ (మెషీన్ పట్టగలిగే కనీస మోతాదు) కంటే తక్కువే, అసలు రీడింగే లేదు. సరే అని అడుగు బురద తీసి ఆక్వా రీజియాలో (హైడ్రోక్లోరిక్, నైట్రిక్ యాసిడ్ల మిశ్రమం) కరిగించి కొలిస్తే కాలువ కలిసేచోట కిలోకి 38 మిల్లీగ్రాములు, చెరువు మధ్య లోతులో 92. ఇక్కడే నాకు రెండు డౌట్లు. నీళ్ళలో లేనిది బురదలోకి ఎలా వచ్చింది, పైగా మురుగు వచ్చే కాలువ దగ్గరే తక్కువుండి ఎక్కడో మధ్యలో రెట్టింపుకి పైగా ఎలా ఉంది? గైడ్‌ని అడిగితే "పొల్యూటెడ్ ఆ కాదా ఒక్క మాటలో చెప్పు" అంటున్నారు. ఆ ఒక్క మాటే దొరకట్లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

ల్యాబ్‌పిల్లి:
మొదటి డౌట్ అసలు డౌటే కాదమ్మా, లెడ్‌కి నీళ్ళలో ఉండటం ఇష్టముండదు. బంకమట్టి రేణువులు, వాటి మీద పూతలా ఉండే ఐరన్ మాంగనీస్ ఆక్సైడ్లు, కుళ్ళిన ఆకూ అలమూ, వీటిని పట్టుకుని అడుక్కి పోతుంది. బురదకీ నీళ్ళకీ మధ్య పంపకం చూస్తే, లీటరు నీళ్ళలో కంటే కిలో బురదలో లెడ్ మామూలుగా పదివేల నుంచి లక్ష రెట్ల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. లక్ష అనుకో, బురదలో కిలోకి 92 మిల్లీగ్రాములుంటే లీటరు నీళ్ళలో మైక్రోగ్రాముకి కాస్త తక్కువే వస్తుంది. ఫ్లేమ్ ఏఏఎస్‌కి అది కనపడదు, దాని చూపు అంత దూరం ఆనదు. ఐసీపీ-ఎంఎస్ (ఇంకా చాలా తక్కువ మోతాదులు పట్టే మెషీన్) దొరికితే కనపడేది. తాగేనీటికి డబ్ల్యూహెచ్‌వో పెట్టిన గైడ్‌లైన్ 10 మైక్రోగ్రాములు, కాబట్టి నీళ్ళ రిపోర్టు అబద్ధమేం కాదు. నీళ్ళు ఆ రోజు సంగతి చెప్తాయి, బురద ఏళ్ళ తరబడి పోగేసిన లెక్క చెప్తుంది, అంతే తేడా.

రెండో డౌట్‌కి నేనే నిన్నో మాట అడుగుతా, కాలువ దగ్గర తీసింది వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడిందా?

మట్టిబుర్ర:
అవునక్కా గరగరే, దాదాపు ఇసుక. మధ్యలోది మాత్రం నల్లగా జిగురుగా వెన్నముద్దలా ఉంది, కుళ్ళిన గుడ్ల కంపు, బ్యాగు రెండు రోజులు కంపు కొట్టింది 😭

ఇసుకతక్కెడ:
హహ ఆ కంపు సంగతి తర్వాత చూద్దాం, అందులోనూ విషయముంది. ముందు గరగర. కాలువ నీళ్ళు వేగంగా వచ్చి చెరువులో పడగానే నెమ్మదిస్తాయి కదా, బరువైన ఇసుక అక్కడే దిగిపోతుంది, సన్న బంక తేలుతూ పోయి లోతులో కుదురుకుంటుంది. లెడ్ అంటుకునేది సన్నదానికి. ఇసుకంటే ఎక్కువగా క్వార్ట్జ్, దానికి ఏదీ పెద్దగా అంటదు. అందుకే ఇసుక శాంపిల్‌లో నంబర్ పల్చబడి కనిపిస్తుంది, రెండు శాంపిల్స్‌నీ అలాగే పక్కపక్కన పెట్టి పోల్చడం పాలనీ నీళ్ళపాలనీ పోల్చినట్టే. బంక ఎంతుందో చెప్పే గుర్తు ఒకటి కావాలి, మామూలుగా అల్యూమినియం వాడతారు. నీ దగ్గర అల్యూమినియం రీడింగ్ ఉందా?

మట్టిబుర్ర:
ఉంది, ఎందుకో తెలీకుండానే చేయించాం. కాలువ దగ్గర 2.1 శాతం, మధ్యలో 7.6.

ఇసుకతక్కెడ:
భలే, చేతిలో నిధి పెట్టుకుని వెతుకుతున్నావ్. లెడ్‌ని అల్యూమినియంతో భాగించు: కాలువ దగ్గర 38/2.1 అంటే 18, మధ్యలో 92/7.6 అంటే 12. 1961లో టురేకియన్, వెడెపోల్ అనే సైంటిస్టులు ఇచ్చిన షేల్ (బంకమట్టి గట్టిపడి అయిన రాయి) సగటు టేబుల్‌లో లెడ్ కిలోకి 20 మిల్లీగ్రాములు, అల్యూమినియం 8 శాతం, అంటే 20/8, 2.5. దాంతో భాగిస్తే ఎన్‌రిచ్‌మెంట్ ఫ్యాక్టర్ (సహజంగా ఉండాల్సినదానికి ఎన్ని రెట్లుందో చెప్పే లెక్క) కాలువ దగ్గర 7 పైచిలుకు, మధ్యలో 5 కంటే కాస్త తక్కువ. చూశావా, సీన్ తిరగబడింది. నంబర్ తక్కువున్న చోటే మురుగు ప్రభావం ఎక్కువ, నీ మొదటి అనుమానమే కరెక్టు.

ల్యాబ్‌పిల్లి:
ఆగాగు, పార్టీ చేసుకోకండి అప్పుడే. తను చేసింది ఆక్వా రీజియా. అది బంకమట్టి సిలికేట్లని పూర్తిగా కరిగించదు, అల్యూమినియం సగం లోపలే ఉండిపోతుంది, లెడ్ మాత్రం చాలావరకు బయటికొచ్చేస్తుంది. షేల్ టేబులేమో మొత్తం లెక్క. ఆ రెండిటినీ కలిపి భాగిస్తే ఫ్యాక్టర్ ఉబ్బి కనపడుతుంది. థీసిస్‌లలో ఈ తప్పు ఎంత మామూలైపోయిందో చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో టోటల్ డైజెషనో (ఒంటరిగా, ట్రైనింగ్ లేకుండా దాని జోలికి అస్సలు పోవద్దు) లేదా ఎక్స్‌ఆర్‌ఎఫో (ఎక్స్-రేలతో, కరిగించకుండానే కొలిచే పద్ధతి) చేయించి అల్యూమినియం మళ్ళీ తీసుకో. ఇంకా సులువు కావాలంటే రెండు శాంపిల్స్‌నీ 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, కింద పడ్డ సన్నదాన్నే కొలువు. నైలాన్ జల్లెడ వాడు, ఇత్తడిది వాడితే రాగీ జింకూ జల్లెడవే వచ్చి చేరతాయి. అలాగే ఎవరో ఒకరు మెర్క్యురీ కూడా చేద్దాం అంటారు, దానికిచ్చే భాగాన్ని 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టకు, ఎగిరిపోతుంది.

మీ చెరువు మట్టిలో సహజంగా ఎంత లెడ్ ఉందో తెలియాలంటే షేల్ టేబుల్ కంటే అదే చెరువులో లోతు కోర్ (గొట్టం దించి పొరలు చెదరకుండా తీసిన బురద) మంచిది. లెడ్-210 డేటింగ్ (రేడియోధార్మిక లెడ్‌తో పొరల వయసు కట్టడం) చేస్తే (దాని హాఫ్ లైఫ్ 22 ఏళ్ళ పైచిలుకు) నూరేళ్ళు, మహా అయితే నూటయాభై ఏళ్ళ వెనక్కి పోవచ్చు, సీజియం-137 పీక్ కనిపిస్తే అది 1963 దగ్గర, అణుపరీక్షల దుమ్ము. పూడిక తీసిన చెరువైతే మాత్రం ఆ డైరీలో పేజీలు చిరిగిపోయినట్టే.

చూద్దాంలే99:
ఇంత లెక్కలెందుకు బ్రో, బురదలో విషం ఉందని తేలిందిగా, పూడిక మొత్తం తీసేస్తే పీడా పోతుంది 🤷

ఇసుకతక్కెడ:
అంత సులువైతే బాగుండు. ముందు "విషం" అన్న మాట. 2000లో మెక్‌డొనాల్డ్ వాళ్ళు ఇచ్చిన మంచినీటి సెడిమెంట్ గైడ్‌లైన్‌లో లెడ్‌కి కింది గీత కిలోకి 35.8 మిల్లీగ్రాములు, పై గీత 128. కింద ఉంటే అడుగున బతికే జీవాలకి హాని అరుదు, పైన ఉంటే హానికే అవకాశం ఎక్కువ. 38, 92 రెండూ మధ్యలోనే పడ్డాయి, అంటే తేల్చడానికి ఇంకో టెస్టు కావాలి.

ఇక ఆ కుళ్ళిన గుడ్ల కంపు. అది సల్ఫైడ్. ఆక్సిజన్ లేని బురదలో లెడ్ సల్ఫైడ్‌గా బిగుసుకుని జీవాలకి పెద్దగా అందదు. దాన్ని తవ్వి గట్టున పోస్తే గాలి తగిలి సల్ఫైడ్ ఆక్సీకరణం అవుతుంది, కట్టి పడేసిన మెటల్ తాడు తెంచుకుంటుంది. తవ్వేటప్పుడు కలకబారిన నీళ్ళతో కిందికి పోయేది వేరే. జపాన్‌లో మినమాటా అఖాతంలో 25 పీపీఎం (కిలోకి 25 మిల్లీగ్రాములు) దాటిన పాదరసం బురదని తియ్యడానికీ దాన్ని గోడ కట్టి పూడ్చడానికీ 1977 నుంచి 1990 దాకా పట్టింది, దాదాపు 15 లక్షల ఘనపు మీటర్లు. అమెరికాలో హడ్సన్ నదిలో పీసీబీల (ఫ్యాక్టరీల నుంచి వచ్చిన విష రసాయనాలు) కోసం 2009 నుంచి 2015 దాకా తవ్వారు, అక్కడి చేపలు తినొద్దన్న హెచ్చరికలు ఇంకా తియ్యలేదు. తియ్యొద్దని కాదు బ్రో, తీసింది ఎక్కడ పెడతావ్, పైనుంచి వచ్చే కాలువ ముందు ఆపావా లేదా, అది తేలాకే తవ్వాలి.

చూద్దాంలే99:
ఓకే ఓకే గట్టున పోస్తారనే నేనూ అనుకున్నా, మా వాళ్ళైతే దాన్ని పొలాలకి తోలుకుపోతారు కూడా

ల్యాబ్‌పిల్లి:
అదే భయం. కొత్త బురద నత్రజని భాస్వరాలు ఉన్న మంచి ఎరువే, కానీ మురుగు కాలువ కలిసే చెరువుదైతే టెస్టు లేకుండా తోలకూడదు. ముఖ్యంగా కాడ్మియం, అది లెడ్ కంటే తేలిగ్గా మొక్కలోకి ఎక్కుతుంది.

మట్టిబుర్ర:
ఇన్ని విషయాలా బాబోయ్, అందరికీ చాలా థ్యాంక్స్. మిగిలిన బురద ఫ్రిజ్‌లోనే ఉంది, నైలాన్ జల్లెడకి చెప్పాను, ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కి పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళని బతిమాలాలి. గైడ్‌కి "కాలువ నుంచి లెడ్ వస్తున్నట్టుంది, కానీ ఎన్ని రెట్లో ఇప్పుడే చెప్పలేను" అని మెసేజ్ పెట్టా, "ఒక్క మాట అడిగితే ఇంత వాక్యమా" అని రిప్లై వచ్చింది 😅 జల్లెడ పట్టడం ఆ చెరువు నీళ్ళతోనే చెయ్యాలా, డిస్టిల్డ్ వాటర్ పర్లేదా?

ల్యాబ్‌పిల్లి:
చెరువు నీళ్ళే, ఫిల్టర్ చేసి వాడు. డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఉప్పులు పల్చబడి అంటుకున్నవి కొన్ని ఊడిరావచ్చు.