రూపాయి పడినందుకా, అమెరికా అప్పు భయానికా: బంగారం ఎందుకు పెరుగుతోంది?

కావలి కుర్రోడు (2025 అక్టోబరు చివరి వారం):
ఫాల్గుణంలో చెల్లెలి పెళ్లి. ఇరవై సవర్లు పెడతామని మాట ఇచ్చేశాం. నిన్న నాన్నతో నెల్లూరు ఆచారి వీధికి వెళ్లాను. ఒక కొట్టాయన "రూపాయి కోలుకుంటే రేటు దిగుద్ది, ఆగండి" అన్నాడు. పక్క కొట్టాయన "అమెరికా అప్పుల్లో మునిగింది, ఇంక దిగదు, ఈరోజే తీసుకోండి" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ఒంగోలు లెక్కలాయన:
అమ్ముకునేవాడు ఆగమన్నాడంటే మంచోడే! కానీ లెక్క తప్పాడు. ప్రపంచ మార్కెట్లో బంగారం రేటు ఔన్సుకు ఇన్ని డాలర్లని చెబుతారు. ఔన్సు అంటే 31.1 గ్రాములు. ఔన్సు 4,000 డాలర్లు, డాలరు 88 రూపాయలు అనుకో. గ్రాము సుమారు 11,320 అవుతుంది. దాని మీద దిగుమతి సుంకం 6 శాతం, ఆపైన జీఎస్టీ 3 శాతం వేస్తే 12,350 దాటుతుంది. 22 క్యారెట్ల సవర, అంటే 8 గ్రాములు, దాదాపు 90,600. తరుగు, మజూరీ వేరే.

ఇప్పుడు డాలరు ఒక్క రూపాయి పెరిగితే సవర మీద వెయ్యి పెరుగుతుంది. ఔన్సు 100 డాలర్లు పెరిగితే 2,250 పైన. 100 డాలర్లు ఈ నెలలో ఒక్క రోజులోనే అటూ ఇటూ అవుతున్నాయి. జనవరిలో ఔన్సు 2,600 దగ్గర ఉంది, డాలరు 85 దాటి ఉంది. ఎక్కువ కదిలింది ఏదో నువ్వే చూడు. రూపాయి మళ్లీ 85కి వచ్చినా నీకు సవరకు మిగిలేది మూడు వేలు.

అల్లూరు రొయ్యల చెరువు:
అన్నా, పది నెలలు చూసి తీర్పు చెబితే ఎట్టా? 2011 ఆగస్టులో డాలరు 45 చిల్లర, ఇప్పుడు 88. అప్పటి గరిష్ఠం ఔన్సు 1,900 డాలర్లు, ఇప్పుడు 4,000. రెండూ ఇంచుమించు రెట్టింపు అయ్యాయి. అంటే అక్కడ రేటు అంగుళం కదలకపోయినా, ఇక్కడ మనకు రెట్టింపయ్యేది. రూపాయి నిదానంగా తినేస్తుంది, అందుకే కనపడదు. రూపాయి పడితే మా రొయ్యకు లాభం అంటారు గానీ, ఈ ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక ఆ ముచ్చటా తీరిపోయింది.

పొదిలి పొగాకు:
అసలు సంగతి అప్పు. 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2011లో ఎస్ అండ్ పీ, 2023లో ఫిచ్, ఈ మే నెలలో మూడీస్, అప్పు తీర్చే సత్తాకు మార్కులేసే ఈ సంస్థలు మూడూ అమెరికా రేటింగు తగ్గించాయి. ఎస్ అండ్ పీ తగ్గించిన నెలలోనే బంగారం 1,900 తాకింది. ఇంకేం రుజువు కావాలి?

కందుకూరు టీచరమ్మ:
బాబూ, 2013లో ఆ అప్పు తగ్గిందా? పెరిగింది. మరి బంగారం ఆ ఏడాది డాలర్లలో పాతిక శాతానికి పైగా ఎందుకు పడింది? అమెరికాలో వడ్డీలు పెరుగుతాయన్న మాట రాగానే జనం బంగారం వదిలేశారు. అప్పు ఎప్పుడూ ఉంటుంది, దాని మీద భయమే వచ్చిపోతుంటుంది. ఆ భయాన్ని నమ్ముకుని పెళ్లి బంగారం కొంటామా?

ఇంకో సంగతి. అక్కడ అంత పడినా ఇక్కడ కొట్లో పెద్దగా దిగలేదు. ఆ ఏడాదే రూపాయి 54 నుంచి 68 దాకా జారింది, సుంకం 10 శాతానికి చేర్చారు. చవకవుతుందని ఆగినవాళ్లలో నేనూ ఉన్నా.

పొదిలి పొగాకు:
టీచర్ గారూ, 2013 వేరు. 2022లో రష్యా దాచుకున్న డాలర్లు, యూరోలను అమెరికా, యూరప్ దేశాలు స్తంభింపజేశాక, వేరే దేశాలకూ గుబులు పట్టింది. ఆ ఏడాది నుంచి వరసగా మూడేళ్లు మన రిజర్వ్ బ్యాంకు లాంటి కేంద్ర బ్యాంకులు ఏడాదికి వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. వాళ్లు రేటు చూసి పారిపోయే రకం కాదు.

కందుకూరు టీచరమ్మ:
అది ఒప్పుకుంటా. కానీ అది అప్పు భయం కాదు, డాలరు మీద అపనమ్మకం. నువ్వు రెండూ ఒక గాటన కట్టేస్తున్నావు.

ఒంగోలు లెక్కలాయన:
ఢిల్లీని మరిచిపోయారు. 2024 జులై బడ్జెట్లో సుంకం 15 నుంచి 6 శాతానికి దించారు. రూపాయి కదల్లేదు, అమెరికా అప్పు తీరలేదు, రేటు మాత్రం రోజుల్లో దభీమని పడింది. మా బావమరిది అంతకు వారం ముందే కొన్నాడు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతాడు.

కావలి కుర్రోడు:
నాన్నకు లెక్క చూపించా. సవరకు మూడు వేల కోసం ఆగేది లేదని పది సవర్లు ఈ వారమే తీసుకుంటున్నారు. మిగతా పదికి అమ్మ తన పాత హారం కరిగిద్దామంటోంది, నాన్న వద్దంటున్నారు. ఇంట్లో ఇంకా రగడ నడుస్తా ఉంది.

అల్లూరు రొయ్యల చెరువు:
తమ్ముడూ, హారం ఇచ్చే ముందు కరిగించాక ఎంత తరుగు తీస్తారో అడుగు. రాళ్ల బరువు వేరుగా తూయించు.