‘ఎర్ల్ జామ్’ విన్నారా? ఉన్నదున్నట్టు వాయిస్తే అది నివాళి అవుతుందా?

చించినాడ_వంతెన

అందరికీ నమస్కారం అండి. నెల రోజుల నుంచి నా ఫోన్‌లో ఒకటే ఆల్బమ్ తిరుగుతోంది, అమెరికన్ బాంజో కళాకారుడు టోనీ ట్రిష్కా 2024లో తెచ్చిన ‘ఎర్ల్ జామ్’. బాంజో (డప్పు లాంటి ముఖానికి పొడుగాటి మెడ, అయిదు తీగలు ఉండే వాయిద్యం) అంటే ఇలా వాయించాలి అని లోకానికి చూపించిన ఎర్ల్ స్క్రగ్స్‌కి నివాళిగా చేశారు, దాదాపు అన్నీ పాత పాటలే, పాడింది వాయించింది మాత్రం బిల్లీ స్ట్రింగ్స్, మోలీ టటిల్, సియెర్రా ఫెరెల్ లాంటి ఈ తరం వాళ్లు. మాది పాలకొల్లు. చిన్నప్పుడు మా ఇంట్లో మాండలిన్ శ్రీనివాస్ గారి క్యాసెట్లు రోజూ మోగేవి, ఆ పిచ్చితో మాండలిన్ అన్న మాట ఎక్కడ కనపడితే అక్కడికి పోయి, చివరికి అమెరికాలో కెంటకీ రాష్ట్రపు మాండలిన్ కళాకారుడు, బ్లూగ్రాస్ అనే పల్లె సంగీతానికి ఆద్యుడు బిల్ మన్రో దగ్గర తేలాను. రాజోలు వెళ్లే బస్సు వంతెన ఎక్కి కింద గోదారి కనపడేసరికి సరిగ్గా బాంజో అందుకుంటుంది చూడండి, చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడతాయి.

సమస్య మా బావతో వచ్చింది. ఇందులో ట్రిష్కా బాంజో అంతా ఎర్ల్ వాయించిన స్వరాన్ని స్వరంలాగే దించాడని తనకి తెలిసింది. “వినాయక చవితి పందిట్లో ఘంటసాల గారి పాటలు పాడే ఆర్కెస్ట్రా కుర్రాడికీ ఈయనకీ తేడా ఏంట్రా?” అన్నాడు. నాకు చాలా బాధేసింది, కానీ జవాబు దొరకలేదు. మీరు ఏమంటారు? అలాగే పాతవాటిలో ఏవి వినాలో కూడా చెప్పండి.

ఐదో_తీగ (అమలాపురం)

తమ్ముడూ, మీ బావ గారికి అసలు సంగతి సగమే తెలిసింది. ట్రిష్కా దించింది అందరూ విన్న రికార్డుల్లోంచి కాదు. ఎర్ల్ ఇంట్లో, 1980లు, 90లలో, ఎర్లూ ఆయన స్నేహితుడు జాన్ హార్ట్‌ఫోర్డూ కూర్చుని సరదాకి వాయించుకున్న టేపులవి. 200కి పైగా పాటలు. కోవిడ్ రోజుల్లో అవి ట్రిష్కా చేతికి వచ్చాయి. ఎర్ల్ ఎప్పుడూ రికార్డు ఇవ్వని పాటలు కూడా వాటిలో ఉన్నాయి, అప్పటికప్పుడు మనసుకి తోచినట్టు వాయించుకుపోయాడు. హార్ట్‌ఫోర్డ్ 2001లో, ఎర్ల్ 2012లో పోయారు. ఆ టేపులు ఏ డబ్బాలోనో ఉండిపోతే ఆ వేళ్లు నడిచిన దారి మనకి తెలిసేదే కాదు కదా.

పైగా ట్రిష్కా సొంత బాణీ లేని మనిషి కాదు. 1949లో పుట్టాడు. 1970ల నుంచీ బాంజోని ఎవరూ తీసుకెళ్లని చోట్లకి తీసుకెళ్లాడు, ఇవాళ బాంజోకి పెద్ద పేరైన బేలా ఫ్లెక్ అంతటివాడు ఆయన దగ్గర నేర్చుకున్నాడు. అలాంటివాడు 70 దాటాక తన చేతిని పక్కన పెట్టి, ఒక్కో టేపూ ఆపి ఆపి విని, పెద్దాయన వేళ్లు ఎటు వెళ్తే అటు వెళ్లాడు. నేను బాంజో మీద మూడేళ్లుగా తంటాలు పడుతున్నాను, అందుకే చెబుతున్నా, అది మామూలు పని కాదు. బొటనవేలికి ప్లాస్టిక్ తొడుగు, చూపుడు వేలికీ మధ్య వేలికీ లోహపు తొడుగులు, ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి పరుగు తీయాలి. అయిదో తీగ మిగతావాటి కంటే పొట్టిది, దాని బిరడా మెడ సగంలో ఉంటుంది, పాట ఎటు పోయినా అది మాత్రం పై షడ్జమంలా మోగుతూనే ఉండాలి. వీణకి పక్కన తాళం తీగలు ఉంటాయి చూడండి, నాకు అవే గుర్తొస్తాయి. ఏ స్వరం ఏ వేలితో పడిందో తప్పుగా పట్టుకుంటే పాట వస్తుంది గానీ ఆ నడక రాదు.

వయొలిన్_టీచర్ (తణుకు)

అండీ, నాకు ఆల్బమ్ నచ్చింది, కానీ మీ బావ గారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. మా కర్ణాటక సంగీతంలో కృతిని గురువు గారి పాఠాంతరం (ఆయన నేర్పిన తీరు) ప్రకారమే పాడాలి, అందులో వేలు పెట్టం. కల్పనస్వరం, అంటే అప్పటికప్పుడు అల్లుకునే స్వరాల దగ్గరికి వచ్చేసరికి ఎవరిది వాళ్లదే. పక్కవాళ్ల కల్పనస్వరాలు బట్టీ పట్టి కచేరీలో వాయిస్తే, ఎంత బాగా వాయించినా, ఇంక అందులో కల్పన ఎక్కడుంది? ఎర్ల్ అప్పటికప్పుడు అనుకుని వాయించినదాన్ని రాసుకుని వాయించడం నాకు కాస్త అలాగే అనిపిస్తుంది.

పాలకొల్లు వారు శ్రీనివాస్ గారిని తలుచుకున్నారు కాబట్టి ఒక మాట. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. గురువు గారు నోటితో పాడితే ఈయన వాయిద్యం మీద పలికించేవారు. మాండలిన్‌కి ఉండే జంట తీగల మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) నిలవదు కాబట్టి ఒంటి తీగలు వేసుకుని, ఎలక్ట్రిక్ చేసుకుని, తర్వాత అయిదో తీగ కూడా కలుపుకున్నారు. గురువు గారి గొంతే కావాలనుకున్నారు, దాని కోసం వాయిద్యాన్నే మార్చేశారు. నా దృష్టిలో గొప్ప నివాళి అంటే అది.

ఐదో_తీగ (అమలాపురం)

మేడమ్ గారూ, మీరన్నది సబబే. కానీ పిల్లలకి మొదట్లో కల్పనస్వరం నేర్పేటప్పుడు మీరే కొన్ని ఆవర్తాలు (తాళం చుట్లు) రాసిచ్చి బట్టీ పట్టిస్తారు కదండీ, చేతికి దారి తెలియాలని. ఈ ఆల్బమ్ బాంజో నేర్చుకునేవాళ్లకి అలాంటి నోట్సే. అదీ కాక చుట్టూ ఉన్న ఫిడేలూ మాండలినూ గొంతులూ ఎవరినీ దించడం లేదు. ఒక్క బాంజో మాత్రమే ఎర్ల్‌ది.

మూడు_లాంతర్లు (రాజమండ్రి)

పాతవి ఏం వినాలని అడిగారు. ముందు బిల్ మన్రో 1946, 47లలో చేసిన రికార్డులు వినండి. ఎర్ల్ 1945 డిసెంబర్‌లో ఆయన బృందంలో చేరాడు, లెస్టర్ ఫ్లాట్ గిటారు పట్టి పాడేవాడు, చబ్బీ వైజ్ ఫిడేలు. బ్లూగ్రాస్ అని ఇవాళ మనం అంటున్నదంతా ఆ బృందం వేసిన ముద్రే, పేరు కూడా మన్రో పెట్టుకున్న బ్లూ గ్రాస్ బాయ్స్ నుంచి వచ్చిందే. తర్వాత ఫ్లాట్, స్క్రగ్స్ విడిగా వచ్చి 1949లో చేసిన రికార్డులు. ఆ తర్వాత 1972లో నిట్టీ గ్రిట్టీ డర్ట్ బ్యాండ్ కుర్రాళ్లు మేబెల్ కార్టర్, డాక్ వాట్సన్, ఎర్ల్ లాంటి పెద్దవాళ్లని కూర్చోబెట్టి చేసిన మూడు ఎల్పీల ఆల్బమ్. కుర్రవాళ్లు పెద్దవాళ్లకి దణ్ణం పెట్టడం ఎలా ఉంటుందో అందులో వినపడుతుంది.

కొత్త ఆల్బమ్‌తో నా పేచీ ఒక్కటే, మరీ శుభ్రంగా ఉంది. పాత రోజుల్లో వేదిక మీద అందరికీ కలిపి ఒకటే మైకు. మన బుర్రకథ వాళ్లలాగే, ఎవరి వంతు వస్తే వాళ్లు ముందుకు జరిగి, అయిపోగానే వెనక్కి తగ్గేవాళ్లు. పాత రికార్డు వింటుంటే ఫిడేలు దగ్గరికి వచ్చి దూరం వెళ్లడం తెలుస్తుంది. ఇందులో ప్రతి వాయిద్యం చెవి పక్కనే ఉంది.

చించినాడ_వంతెన

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. నిన్న ఆదివారం బావని కూర్చోబెట్టి 1946 రికార్డు ఒకటి, వెంటనే ‘ఎర్ల్ జామ్’లో మొదటి పాట వినిపించాను. ఇంటి టేపుల సంగతి చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత “ఆ టేపులే బయట పెట్టొచ్చుగా, అవి వింటాను” అన్నాడు. అది నాకూ అనిపించింది.

ఐదో_తీగ గారూ, ఒక్క డౌట్. మా ఊళ్లో ఉప్పుగాలికి మాండలిన్ తీగలు నెల తిరక్కుండా తుప్పు పడుతున్నాయి. బాంజో అయితే ఎలా, పైన చర్మం కదా?

ఐదో_తీగ (అమలాపురం)

ఇప్పుడు చర్మం కాదు, ప్లాస్టిక్ పొర వేస్తున్నారు, వానాకాలం కూడా పెద్దగా సడలదు. పూర్వం దూడ చర్మమే, తేమకి వదులైపోయేదట, మన డప్పుల వాళ్లు ఊరేగింపుకి ముందు గడ్డి మంట మీద కాచుకుంటారు కదా, అదే బాధ. తీగలకి మాత్రం వాయించాక పొడి గుడ్డతో కింద పక్క కూడా తుడవండి. పై పక్క అందరూ తుడుస్తారు, తుప్పు కింద మొదలవుతుంది.