బ్రెడ్ మెషీన్ బటన్లకు తెలుగు: “దోరగా” కుదిరింది, “నీడ్” (knead) దగ్గర ఆగిపోయాను

పిండి, నీళ్ళు, ఈస్టు వేస్తే తనే కలిపి, పొంగించి, రొట్టె కాల్చే బ్రెడ్ మెషీన్ ఒకటి మా ఇంట్లో ఉంది. అమ్మ కోసం దాని బటన్ల పక్కన తెలుగులో చీటీలు రాసి అంటిస్తున్నాను. కొన్ని మాటలు తేలాయి, ఒకటి తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

క్రస్ట్ కలర్, అంటే రొట్టె పైపొర రంగు అన్నచోట లైట్, మీడియం, డార్క్ అని మూడుంటే నేను లేత రంగు, మధ్యరకం, ముదురు రంగు అని రాశాను. అమ్మ చూసి, ఇవి చీరల కొట్లో మాటలు, రొట్టెకి ఇలా ఎవరంటారు, మధ్యదానికి “దోరగా” అని రాయి అంది. ఎంత చక్కగా అతికిందో చూడండి. పల్లీలు దోరగా వేయిస్తాం, జామకాయ దోరగా ఉంటే ఉప్పూకారం అద్దుకుని తింటాం. చెట్టు మీద పండేదానికీ మూకుట్లో వేగేదానికీ ఆ నడిమి దశకి ఒకటే మాట! ఇక డార్క్‌కి “ఎర్రగా”. ఉల్లిపాయలు ఎర్రగా వేగాయంటే అది ఏ రంగో వంటింట్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. క్రస్ట్‌కి పైపెచ్చు అని రాయబోయి మానేశాను, చదివేవాళ్ళకి “అంతేకాక” అనే అర్థమే ముందు తగులుతుంది. “పైరంగు” అని సరిపెట్టాను.

రైజ్‌కి (rise, పిండి ఉబ్బే దశ) “పులియడం” అన్నవాళ్ళతో నేను ఏకీభవించను. దోసెల పిండి రాత్రంతా ఉంటే బ్యాక్టీరియా వల్ల పొంగడమే కాదు, పుల్లబడుతుంది కూడా. మెషీన్లో ఈస్టు కాసేపట్లోనే గ్యాసుతో పిండిని ఉబ్బిస్తుంది, పులుపు పెద్దగా రాదు. కాబట్టి “పొంగడం”.

టైమర్ దగ్గర నా అనువాదమే దెబ్బకొట్టింది. “ఆలస్యంగా మొదలు” అని రాశాను. రాత్రి పదింటికి అమ్మ లెక్కేసుకుంది: రొట్టెకి నాలుగు గంటలు పడుతుంది, పొద్దున ఆరింటికి కావాలి, అంటే రెండింటికి మొదలవ్వాలి, కాబట్టి నాలుగు గంటలు పెట్టాలి అని. ఆ లెక్కలో తప్పేం లేదు. కానీ మా మెషీన్‌కి చెప్పాల్సింది ఎప్పుడు మొదలవ్వాలో కాదు, ఇంకెన్ని గంటలకి పూర్తవ్వాలో. ఎనిమిది పెట్టాలి. నాలుగు చూసి అది వెంటనే మొదలుపెట్టి రెండింటికే ముగించింది. పొద్దున చూస్తే గిన్నెలోనే ఆవిరి పట్టి, రొట్టె పక్కలు చెమ్మగిల్లి ముడతలు పడి ఉన్నాయి. అమ్మ తనదే తప్పనుకుని నొచ్చుకుంది, తప్పంతా నా చీటీది. ఇప్పుడు “ఇంకెన్ని గంటల్లో చేతికి రావాలి?” అని రాశాను, మళ్ళీ ఇబ్బంది రాలేదు. పొడుగైనా అదే ఉండనిస్తాను.

ఇక తేలనిది నీడ్, అంటే పిండిని సాగదీస్తూ మర్దించే దశ. “కలపడం” అంటే చపాతీ పిండికి చాలు, కానీ మెషీన్లో మిక్స్ కూడా వేరే ఉంది. “పిసకడం” దగ్గరగా ఉంది గానీ సాగదీయడం అందులో లేదు. 1980లలో ఒసాకాలో మత్సుషితా కంపెనీ ఈ మెషీన్ తయారుచేసేటప్పుడు కూడా చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ కంపెనీలోనే పనిచేసే తనకా ఇకుకో అనే ఆవిడ ఒక హోటల్ బేకర్ దగ్గర పని నేర్చుకుని, ఆయన చేతుల కదలికని “మెలితిప్పి సాగదీయడం” అని ఇంజనీర్లకి చెప్పారు. 1987లో మెషీన్ అమ్మకానికొచ్చింది.

మైదా పిండిని అలా లాగి, మడిచి, మళ్ళీ అదిమే పనికి మీ ఊళ్ళో పరోటాలు చేసేవాళ్ళు ఏమంటారు? కాగితం మీద మాట కాదు, నోట్లో ఉన్న మాటే కావాలి. ఏ జిల్లా అన్నది కూడా రాయండి.