కండె పోగులచేనా, పోగుల వెంటా?

(మాట్లాడేవాళ్ళ పేర్లకు బదులు బెంగళూరు పేటల పేర్లు.)

యలహంక: కణవిభజన గురించి ఇంటర్ జువాలజీలో చదివిన వాక్యం ఒకటి సగమే గుర్తొచ్చి వేధిస్తోంది. కణం చీలేటప్పుడు రెండు కొసల (ధ్రువాల) మధ్య ఏర్పడే దారాల్లాంటివే కండె పోగులు, ఇంగ్లీషులో స్పిండిల్ ఫైబర్లు. "కండె పోగులచే క్రోమోసోములు ధ్రువాలకు..." ఆ తర్వాత "లాగబడును" అనా, "చేరును" అనా?

మల్లేశ్వరం: "చే" ఉందంటే "లాగబడును" అయ్యుండాలి. నా పేచీ ఆ "చే"తోనే. పోగు తాడులా లాగదండీ, కైనెటోకోర్ (క్రోమోసోము పోగును పట్టుకునే చోటు) దగ్గర దాని కొస ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ ముక్కలుగా ఊడిపోతూ పొట్టిదవుతుంటే, క్రోమోసోము ఆ కొసను వదలకుండా పట్టుకుని ధ్రువం వైపు జరుగుతుంది. ఊడదీసే పనిలో కైనెసిన్-13 లాంటి ప్రోటీన్లుంటాయి. "పోగుల వెంట" అనాలి.

జయనగర్: మరి ధ్రువాలు దూరమవడం? ఎదురెదురుగా వచ్చిన మైక్రోట్యూబ్యూల్స్ (పోగుల్లోని సన్నని గొట్టాలు) రెంటినీ పట్టుకుని చెరోవైపు నెట్టేది కైనెసిన్-5 అనే ప్రోటీన్, నడుమ వాటిని కట్టగా ఉంచేది పీఆర్‌సీ1 అనే ఇంకో ప్రోటీన్. "చే" ఉండాల్సిందే, కాకపోతే ప్రోటీన్లకు తగిలించాలి.

బసవనగుడి: "చే" వస్తే కర్తేనా? "ఎవ్వనిచే జనించు జగము" అన్న పోతన పద్యంలో అతను పుట్టించాడనీ వస్తుంది, అతనిలోంచి పుట్టిందనీ వస్తుంది. ఒక్క అక్షరంలో రెండూ పట్టించడం ఆయనకే చెల్లింది, ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడే ఒళ్ళు పులకరిస్తుంది.

మల్లేశ్వరం: అక్కడా కర్తే మాస్టారూ. "మూలకారణంబెవ్వడు" అని తర్వాత తేల్చేశాడుగా.

బసవనగుడి: ఇంకో పాదం ముందుకెళ్ళండి, "సర్వముఁ దానయైన వాఁడెవ్వఁడు" అన్నాడు. కుండా తనే, కుమ్మరీ తనే అయ్యాక విడిగా కర్త ఎక్కడ?

జయనగర్: ఆ లెక్కన నాడీకణం సంగతి చెప్పండి. కైనెసిన్, డైనీన్ రెండూ మైక్రోట్యూబ్యూల్ మీద నడిచే మోటారు ప్రోటీన్లే. దారిలో టౌ అనే మరో ప్రోటీన్ గుంపుగా అంటుకుని ఉంటే కైనెసిన్ ఎక్కువగా ఊడిపోతుంది, డైనీన్ ఎక్కువగా వెనక్కి తిరుగుతుంది. 2008లోనే చూపించారు. నడిచేది మోటారు, నడక తీరు మార్చేది టౌ. "చే" ఎవరికి పెడతారు?

బసవనగుడి: రెంటికీ. అందుకే పోతనను పట్టుకొచ్చాను.

చిక్‌పేట: "చే" సరే, "కండె" సంగతి ఎవరూ అడగరేం? మాది చీరాల నేత కుటుంబం. కండె అంటే నాడెలో (మగ్గం మీద పోగును అటూ ఇటూ తీసుకెళ్ళేది) పెట్టే, నూలు చుట్టిన పుల్ల. రాట్నం మీద తిరిగేది కదురు. స్పిండిల్ అంటే కదురే కదా?

జయనగర్: కణంలో తిరిగేదేముంది? నడుమ లావు, కొసలు సన్నం, నూలు చుట్టిన కండె ఆకారమే.

చిక్‌పేట: ఒడికిన నూలు చుట్టుకున్న కదురూ అలాగే ఉబ్బుతుందండీ. పైగా మా ఊళ్ళో కండె అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది మొక్కజొన్న కండె.